లీటరుకు ఎన్ని యూనిట్లు? ఆఫీసు ప్రయాణానికి పెట్రోలు కారు, ఎలక్ట్రిక్ కారు ఖర్చుల లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందుగా చెబుతాను. ఇంటి నుంచి ఆఫీసుకు 20 కిలోమీటర్లు, తిరుగు ప్రయాణం మరో 20, వారానికి ఐదు రోజులు. ఇప్పుడు వాడుతున్న ఎనిమిదేళ్ల పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తోంది. ఎలక్ట్రిక్ కారు కొంటే ఖర్చు ఐదో వంతుకు దిగిపోతుందని ఒక సహోద్యోగి మీతో అన్నారు. ఆ మిగులంతా చివరికి బ్యాటరీ మార్చడానికే సరిపోతుందని మరొకరు అన్నారు. మీరుండే అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో ఇంకా ప్లగ్ లేదు. ఈ పరిస్థితిలో ఎవరి మాట నమ్మాలన్నది మీ సందేహం.

నేను ఒక సంస్థలో వాహనాల నిర్వహణ ఖర్చుల పద్దులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. రెండు రకాల కార్లూ పక్కపక్కన తిరిగే చోట పని చేయడం వల్ల ఒక విషయం బాగా తెలిసివచ్చింది. ఒకే మోడల్ ఎలక్ట్రిక్ కారు ఒకరి చేతిలో పెట్రోలు ఖర్చులో ఐదో వంతుతో తిరిగితే, మరొకరి చేతిలో పెట్రోలుతో దాదాపు సమానంగా ఖర్చు తెచ్చిపెడుతుంది. కాబట్టి మీ సహోద్యోగులు ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. తేడా వచ్చేది ముఖ్యంగా రెండు చోట్ల: కారును ఎక్కడ ఛార్జ్ చేస్తారు, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిప్పుతారు. మిగతా విషయాలన్నీ ఈ రెండింటి తర్వాతే వస్తాయి.

ధరలు ఊరికొక రకంగా, నెలకొక రకంగా ఉంటాయి కనుక, నేను లెక్కను డబ్బులో కాకుండా పెట్రోలు లీటర్లలో చేస్తాను. కరెంటు బిల్లు కావచ్చు, సర్వీసింగ్ బిల్లు కావచ్చు, రెండు కార్ల ధరల మధ్య తేడా కావచ్చు, దేన్నైనా మీ దగ్గరి లీటరు ధరతో భాగిస్తే అది ఎన్ని లీటర్ల పెట్రోలుకు సమానమో తెలుస్తుంది. అన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చుకుంటే, రేపు ధరలు మారినా లెక్క పద్ధతి మారదు.

మొదట తేల్చుకోవలసింది ఒక లీటరు పెట్రోలు చేసే పనిని ఎన్ని యూనిట్ల కరెంటు చేస్తుందన్నది. దీన్ని నేను మారకం అంటాను. పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చి, అదే పరిమాణంలోని ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు 6 కిలోమీటర్లు ఇస్తే, 15ను 6తో భాగించగా 2.5 వస్తుంది. అంటే ఒక లీటరుకు రెండున్నర యూనిట్లు సమానం. మీ దగ్గర లీటరు ధర యూనిట్ ధరకు రెండున్నర రెట్లకు మించి ఉన్నంతవరకు ఇంధనం విషయంలో ఎలక్ట్రిక్ కారుదే పైచేయి. అంతకంటే తగ్గితే పెట్రోలుదే పైచేయి.

ఈ రెండున్నర అనే అంకె గాలిలోంచి వచ్చింది కాదు. లీటరు పెట్రోలును మండిస్తే సుమారు 9 యూనిట్ల శక్తి వెలువడుతుంది. కానీ ఊళ్లో తిరిగేటప్పుడు అందులో నాలుగో వంతు కూడా చక్రాలకు చేరదు. మిగిలినదంతా రేడియేటరు గుండా, పొగగొట్టం గుండా వేడిగా పోతుంది. చక్రాలకు దక్కేది దాదాపు 2 యూనిట్లే. ఎలక్ట్రిక్ కారులో గోడ దగ్గరి మీటరు నుంచి చక్రం వరకు దారిలో పోయేది సుమారు ఐదో వంతు కనుక, అదే 2 యూనిట్ల పని కోసం గోడ నుంచి రెండున్నర యూనిట్లు తీసుకుంటే చాలు. ఎలక్ట్రిక్ కారు చౌక అనే మాట వెనుక ఉన్న అసలు బలం ఇదే. అయితే ఆ బలం యూనిట్‌ను ఏ ధరకు కొంటారన్న దాన్ని బట్టి నిలబడుతుంది, లేదా కరిగిపోతుంది.

ఇప్పుడు మీ ప్రయాణానికి వద్దాం. సెలవులు పోను ఏడాదికి 240 రోజులు అనుకుంటే, రోజుకు 40 చొప్పున 9,600 కిలోమీటర్లు అవుతాయి. మీ పెట్రోలు కారుకు దీనికి 640 లీటర్లు కావాలి. ఎలక్ట్రిక్ కారుకు 1,600 యూనిట్లు కావాలి. ఇంటి దగ్గర యూనిట్ ధర లీటరు ధరలో పన్నెండో వంతు ఉందని ఉదాహరణకు అనుకుందాం. అప్పుడు 1,600 యూనిట్ల ఖర్చు 133 లీటర్ల పెట్రోలు ఖర్చుకు సమానం. అంటే ఏడాదికి 507 లీటర్ల ఆదా. ఖర్చు ఐదో వంతుకు దిగుతుందన్న మొదటి సహోద్యోగి మాట ఇక్కడ అక్షరాలా నిజం.

అదే కారును ఎప్పుడూ బయటి ఫాస్ట్ ఛార్జర్ల దగ్గరే ఛార్జ్ చేస్తే ఏమవుతుందో చూడండి. అక్కడ యూనిట్ ధర ఇంటి ధరకు కొన్ని రెట్లు ఉండడం మామూలే. యంత్రం ఖరీదు, స్థలం అద్దె, పెద్ద కనెక్షన్‌కు కట్టే స్థిర రుసుము, నిర్వాహకుడి లాభం అన్నీ ఆ ధరలోనే కలిసి ఉంటాయి. అక్కడ యూనిట్ ధర లీటరు ధరలో మూడో వంతు ఉందనుకుంటే, అవే 1,600 యూనిట్లకు 533 లీటర్ల ఖర్చు అవుతుంది. ఏడాది ఆదా 107 లీటర్లకు పడిపోతుంది. పోల్చింది మీ పాత కారుతో కాకుండా లీటరుకు 22 కిలోమీటర్లు ఇచ్చే హైబ్రిడ్‌తో (పెట్రోలు ఇంజన్‌కు తోడుగా చిన్న బ్యాటరీ, మోటారు ఉండే కారుతో) అయితే, దానికి పట్టే పెట్రోలు 436 లీటర్లే కనుక, ఎలక్ట్రిక్ కారు ఏడాదికి దాదాపు 97 లీటర్లు నష్టంలో ఉంటుంది. చాలామంది ఈ చివరి పోలికను చేయరు. కొత్త కారు కొనబోయేవారు కొత్త ఎలక్ట్రిక్ కారును పాత పెట్రోలు కారుతో పోల్చి సంతోషపడడం న్యాయమైన లెక్క కాదు. కొత్తదాన్ని కొత్తదానితోనే పోల్చాలి.

చాలామంది నిజ జీవితం ఈ రెండు కొసల మధ్య ఉంటుంది కాబట్టి, మధ్యస్థంగా మరొక లెక్క చెబుతాను. యూనిట్లలో ఐదింట నాలుగు వంతులు ఇంట్లో, ఒక వంతు బయట ఎక్కించారనుకోండి. ఇంట్లో ఎక్కించిన 1,280 యూనిట్లకు 107 లీటర్లు, బయట ఎక్కించిన 320 యూనిట్లకు మరో 107 లీటర్లు. బయట ఎక్కించుకున్న ఐదో వంతు కరెంటుకే మిగతా నాలుగు వంతులంత ఖర్చు అయిందన్నమాట. నేను చూసిన పద్దుల్లో నెల ఖర్చు అనుకోకుండా పెరిగిన చోటల్లా కారణం దాదాపు ఇదే. డ్రైవరు నడిపిన తీరు వల్ల వచ్చే తేడా దీని ముందు చిన్నది.

మీ ఇంటి కరెంటుకు స్లాబులు ఉంటే మరొక జాగ్రత్త అవసరం. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు ధర తీయకూడదు. కారు వల్ల అదనంగా వచ్చే యూనిట్లు పై స్లాబులోకి వెళ్తాయి కనుక, వాటికి పడే ధరనే లెక్కలోకి తీసుకోవాలి. వేళను బట్టి ధర మారే చోట రాత్రి ధరకు ఛార్జ్ అయ్యేలా కారులోనే సమయం పెట్టుకోవచ్చు. ఇంటి పైకప్పు మీద సోలార్ ఉన్నవారు కారుకు కరెంటు ఉచితం అంటుంటారు. నేను ఒప్పుకోను. ఆ యూనిట్‌ను గ్రిడ్‌కు ఇచ్చి ఉంటే మీకు ఎంత జమ అయ్యేదో అదే దాని ధర. పైగా పగలు ఎండ ఉన్న వేళ కారు ఆఫీసు దగ్గర ఉంటే ఇంటి సోలార్ దానికి నేరుగా అందనే అందదు.

యూనిట్‌కు 6 కిలోమీటర్లు అని నేను తీసుకున్న అంకెను ఎక్కడ చూసి తీసుకోవాలన్న దాని మీద కొంత ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. కారు తెర మీద కనిపించే మైలేజీ బ్యాటరీ నుంచి బయటికి వెళ్లిన కరెంటును బట్టి చూపించేది. మీరు డబ్బు కట్టేది గోడ దగ్గరి మీటరు చూపించినదానికి. ఈ రెండింటి మధ్య నష్టం ఉంది. గోడ నుంచి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీ కరెంటుగా మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది, బ్యాటరీలోకి ఎక్కేటప్పుడు మరికొంత పోతుంది, ఛార్జింగ్ జరుగుతున్నంతసేపూ కారులోని కంప్యూటర్లు, పంపులు మెలకువగా ఉండి ఇంకొంత తింటాయి. మామూలుగా ఇవన్నీ కలిపి పది నుంచి పదిహేను శాతం అవుతాయి. తెర మీద 6.8 కనిపిస్తే మీటరు దగ్గర 6 అనుకోవచ్చు.

నా సొంత కారుకు మొదట్లో మామూలు ప్లగ్‌తోనే ఛార్జ్ చేసేవాణ్ణి. నెల చివర విడి మీటరు చదివితే, తెర చెప్పినదానికంటే ఖర్చు నేను అనుకున్నదాన్ని మించి ఉంది. కారణం తర్వాత అర్థమైంది. మామూలు ప్లగ్ నుంచి వచ్చేది 2.3 కిలోవాట్లు. ఛార్జింగ్ సమయంలో కారు తన సొంత అవసరాలకు 0.3 కిలోవాట్లు వాడుకుంటే అదే 13 శాతం. 7 కిలోవాట్ల గోడ ఛార్జరు పెడితే అదే 0.3 కిలోవాట్లు నాలుగు శాతం చిల్లరే, పైగా పని మూడో వంతు సమయంలో ముగుస్తుంది. గోడ ఛార్జరు పెట్టించడానికి అయ్యే ఖర్చు అంతా ఈ ఆదాతోనే తిరిగి వస్తుందని చెప్పను కానీ, దాని ఖర్చును బేరీజు వేసేటప్పుడు దీన్ని కూడా కలుపుకోవాలి. కెమెరాలు ఎప్పుడూ కాపలా కాసే సౌకర్యం ఉన్న కార్లలో దాన్ని రోజంతా తెరిచి ఉంచితే 200 వాట్ల చొప్పున రోజుకు దాదాపు 5 యూనిట్లు పోతాయి. కదలకుండా నిలబడిన కారుకు 30 కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడే కరెంటు ఖర్చవడం నాకు మాత్రం బాధగానే ఉంటుంది. అవసరం లేని చోట దాన్ని ఆపి ఉంచండి.

కంపెనీలు ప్రకటించే మైలేజీని యథాతథంగా తీసుకోకండి. యూరప్‌లో 2017 నుంచి అమల్లోకి వచ్చిన, కార్ల మైలేజీని కొలిచే డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షలో ఎలక్ట్రిక్ కార్ల వినియోగాన్ని ఛార్జింగ్ నష్టాలతో సహా కొలుస్తారు. ఆ మేరకు అది నిజాయితీ గల అంకె. కానీ పరీక్ష పరీక్షే. యూరోపియన్ కమిషన్ 2021లో అమ్ముడైన కార్లలోని మీటర్ల నుంచే సమాచారం తీసుకుని 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం పెట్రోలు, డీజిల్ కార్లు రోడ్డు మీద పరీక్ష అంకెకంటే సుమారు ఐదో వంతు ఎక్కువ ఇంధనం తాగాయి. ప్లగ్ ఉన్న హైబ్రిడ్లు, అంటే బయటి కరెంటుతోనూ ఛార్జ్ చేసుకోగలిగేవి, పరీక్ష అంకెకు సగటున మూడున్నర రెట్ల కార్బన్ డయాక్సైడ్ వెలువరించాయి. వాటిని కొన్నవారు ప్లగ్‌ను తగినంతగా వాడకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. రోజూ ఛార్జ్ చేసే అలవాటు, వీలు ఉన్నవారికి ప్లగ్ హైబ్రిడ్ పనికొస్తుంది. మీకు ఇంకా ప్లగ్ లేదు కనుక దాన్ని ఇక్కడితో పక్కన పెడుతున్నాను.

ఇక రోడ్డు సంగతి. పెట్రోలు కారుకూ ఎలక్ట్రిక్ కారుకూ ఇష్టమైన రోడ్లు వేర్వేరు. ఆగి ఆగి సాగే రద్దీలో పెట్రోలు ఇంజన్ తక్కువ భారం మీద, అంటే తనకు అత్యంత అసౌకర్యమైన స్థితిలో పనిచేస్తుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ కొన్న ఇంధనమే వేడిగా మారి పోతుంది. కారు నిలబడి ఉన్నా, ఏసీ నడుస్తుంటే గంటకు లీటరుకు కాస్త అటూఇటూగా తాగుతూనే ఉంటుంది. మీరు రోజుకు అరగంట సిగ్నళ్ల దగ్గర నిలబడితే ఏడాదికి 120 గంటలు, అంటే వంద లీటర్ల దాకా ఒక్క అడుగు కదలకుండానే ఖర్చయిపోతాయి. అదే నిలబడ్డ సమయానికి ఎలక్ట్రిక్ కారు ఏసీతో సహా ఒకటిన్నర కిలోవాట్ చొప్పున వాడినా 180 యూనిట్లు, పైన అనుకున్న ఇంటి ధరలో 15 లీటర్లు. కదిలేటప్పుడు కూడా బ్రేకు వేసినప్పుడల్లా మోటారు జనరేటరుగా మారి కొంత శక్తిని తిరిగి బ్యాటరీలో వేస్తుంది.

హైవే మీద పరిస్థితి తలకిందులవుతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కనుక, 80 నుంచి 110కి వెళ్తే అది దాదాపు రెట్టింపవుతుంది. ఈ భారం రెండు కార్ల మీదా సమానమే. కానీ పెట్రోలు ఇంజన్ ఆ భారం మీద ఊళ్లోకంటే సామర్థ్యంతో పనిచేయడం వల్ల ఆ నష్టంలో కొంత పూడిపోతుంది. ఎలక్ట్రిక్ మోటారు ఊళ్లోనే మంచి సామర్థ్యంతో ఉంది కనుక దానికి పూడ్చుకునేందుకు ఏమీ మిగలదు. అవే రెండు కార్లు కిక్కిరిసిన రోడ్డు మీద లీటరుకు 11, యూనిట్‌కు 6.5 ఇస్తే మారకం 1.7. ఖాళీ హైవే మీద లీటరుకు 18, యూనిట్‌కు 4.8 ఇస్తే మారకం 3.75. లీటరు స్థానంలో ఒక చోట రెండు యూనిట్లకు లోపే సరిపోతే, మరో చోట నాలుగు యూనిట్ల దాకా కావాలి. అందుకే ఎవరైనా తమ అనుభవం చెబితే, మీరు ఏ రోడ్డు మీద వెళ్తారని ముందు అడగండి. మీ 20 కిలోమీటర్లలో ఎంత దూరం రద్దీ, ఎంత దూరం వేగం అన్నది రాసుకుంటే మీ మారకం మీకే తెలుస్తుంది.

వాతావరణం గురించి కొద్దిగా. చలి దేశాల్లో ఎలక్ట్రిక్ కారు మైలేజీ పాతిక శాతమో, అంతకు మించో తగ్గడం మామూలే. పెట్రోలు కారు వృథాగా పోయే వేడితోనే లోపల వెచ్చబరుస్తుంది, ఎలక్ట్రిక్ కారు ఆ వేడిని కూడా బ్యాటరీ నుంచే పుట్టించాలి. బయటి గాలిలోని వేడిని లోపలికి చేర్చే హీట్ పంపు ఉన్న కార్లలో ఈ నష్టం తక్కువ. చిన్న ప్రయాణాల్లో ప్రతిసారీ చల్లబడిన కారును మళ్లీ వెచ్చబరచాలి కనుక అక్కడ దెబ్బ ఎక్కువ. అయితే చిన్న చలి ప్రయాణం పెట్రోలు ఇంజన్‌కు కూడా మంచిది కాదు. అది వేడెక్కేలోపు ఎక్కువ ఇంధనం తాగుతుంది, ఆయిల్ కూడా త్వరగా చెడుతుంది. ఎండలో ఏసీ భారం దీనితో పోలిస్తే చిన్నది.

నిర్వహణ ఖర్చు విషయంలో ఎలక్ట్రిక్ కారు పక్షాన నిలబడడానికి నాకు సంకోచం లేదు. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్‌లు, టైమింగ్ బెల్టు, క్లచ్, సైలెన్సరు, వీటిలో ఏదీ దానికి లేదు. బ్రేకు ప్యాడ్లు చాలా కాలం వస్తాయి. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల 2021లో వేసిన అంచనా ప్రకారం పూర్తి ఎలక్ట్రిక్ కారు నిర్ణీత నిర్వహణకు మైలుకు అయ్యే ఖర్చు పెట్రోలు కారు ఖర్చుకంటే సుమారు 40 శాతం తక్కువ. ఐదో వంతుకు దిగుతుందని ఆశించేవారు ఈ 40ని గుర్తుంచుకోవాలి. టైర్లు, వైపర్లు, సస్పెన్షన్, బ్రేకు ఆయిల్, ఏసీ ఫిల్టరు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ రెండు కార్లకూ ఉన్నవే. టైర్ల విషయంలో ఎలక్ట్రిక్ కారు వెనకబడుతుంది. బరువు రెండు మూడు వందల కిలోలు ఎక్కువ, యాక్సిలరేటరు తొక్కగానే పూర్తి బలం చక్రం మీద పడుతుంది, అందుకే టైర్లు త్వరగా అరుగుతాయి. నెలకోసారి గాలి చూసుకోవడం, సమయానికి టైర్లు ముందూ వెనుకా మార్చడం పెట్రోలు కారుకంటే దీనికి ఎక్కువ అవసరం. బ్రేకులు తక్కువగా వాడడం వల్ల డిస్కులకు తుప్పు పడుతుంది కాబట్టి అప్పుడప్పుడు గట్టిగా బ్రేకు వేయడం మంచిది.

మీ రెండో సహోద్యోగి లేవనెత్తిన బ్యాటరీ ప్రశ్నను తేలికగా తీసుకోను, ఎందుకంటే కొనాలనుకునేవారిని ఎక్కువగా ఆపుతున్న భయం అదే. 50 యూనిట్ల బ్యాటరీని తీసుకుందాం. పూర్తిగా నింపి ఖాళీ చేయడాన్ని ఒక చక్రం అంటే, వెయ్యి చక్రాలకు 50,000 యూనిట్లు. బ్యాటరీ నుంచి యూనిట్‌కు 6.8 కిలోమీటర్ల చొప్పున అది 3.4 లక్షల కిలోమీటర్లు. మీ ఆఫీసు ప్రయాణానికి ఏడాదికి 9,600 చొప్పున అక్కడికి చేరడానికి 35 ఏళ్లు పడుతుంది. అంటే మీ వాడకంలో బ్యాటరీ తిరగడం వల్ల అరిగేది తక్కువ. దాన్ని పాతబరిచేవి వయసు, వేడి, ఎక్కువ రోజులు పూర్తి ఛార్జ్ మీద ఉంచడం. నికెల్ ఉన్న బ్యాటరీలను రోజువారీగా 80 శాతం దగ్గర ఆపమని తయారీదారులు చెప్పడం అందుకే. ఇనుము, ఫాస్ఫేటుతో చేసిన ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీలు ఎక్కువ చక్రాలు తట్టుకుంటాయి, మిగిలిన ఛార్జ్‌ను కారు సరిగ్గా అంచనా వేసుకోవడానికి వాటిని అప్పుడప్పుడు వంద శాతం నింపమంటారు.

చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వరకు, సామర్థ్యం 70 శాతం కంటే తగ్గకూడదన్న హామీ ఇస్తాయి. ఆ హామీ పత్రంలో ఏది ముందు వస్తే అది అన్న మాట ఉంటుంది కాబట్టి మీ విషయంలో లెక్కకు వచ్చేది ఏళ్లే, కిలోమీటర్లు కాదు. సామర్థ్యం ఐదో వంతు తగ్గిందనుకున్నా, 340 కిలోమీటర్లు వెళ్లే కారు 272 కిలోమీటర్లు వెళ్తుంది. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవారికి అది బ్యాటరీ మార్చవలసిన కారణం కాదు. అలాగని గడువు దాటాక లోపమే రాదని అనలేను. వస్తే మొత్తం బ్యాటరీ మార్చకుండా లోపం ఉన్న భాగాన్ని మాత్రమే బాగుచేసే సదుపాయం మీరు కొనే కారుకు ఉందో లేదో ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. 2010తో పోలిస్తే బ్యాటరీల ధర దాదాపు పదో వంతుకు దిగింది కనుక, పదేళ్ల తర్వాతి ఖర్చును ఇవాళ్టి ధరతో లెక్కగట్టి భయపడడం కూడా సరికాదు.

ఇంధనం, నిర్వహణ కలిపి చూసినా వాటికి మించిన ఖర్చు ఒకటి మిగిలి ఉంది. కారు విలువ తరగడం. కొత్త కారు మొదటి కొన్నేళ్లలో పోగొట్టుకునే విలువ చాలాసార్లు ఆ ఏళ్ల పెట్రోలు ఖర్చును మించిపోతుంది. ఎలక్ట్రిక్ కార్లు ఈ విషయంలో పెట్రోలు కార్లకంటే వేగంగా పడిపోయిన సందర్భాలే ఎక్కువ, ఎందుకంటే కొత్త మోడళ్ల రేంజి, అంటే ఒక ఛార్జ్‌తో వెళ్లే దూరం, పెరుగుతూ ధర తగ్గుతున్నప్పుడు పాతదాన్ని ఎవరూ పాత ధరకు కొనరు. కొత్తది కొనేవారికి నష్టమైన ఈ సంగతి రెండో చేతిలో కొనేవారికి లాభం. మూడు నాలుగేళ్ల ఎలక్ట్రిక్ కారును, బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో పరీక్ష చేయించి, హామీ గడువు ఇంకా మిగిలి ఉండగా కొంటే, మీవంటి తక్కువ దూరపు ప్రయాణానికి అంతకంటే చౌక మార్గం నాకు కనిపించదు. బీమాను మాత్రం కొనకముందే అడిగి తెలుసుకోండి. మరమ్మతు ఖరీదైనది కాబట్టి చాలా చోట్ల ఎలక్ట్రిక్ కారుకు ప్రీమియం ఎక్కువ.

పన్నుల గురించి ఒక్క మాట. పెట్రోలు ధరలో చాలా దేశాల్లో రోడ్ల కోసం, ఖజానా కోసం వేసే పన్ను పెద్ద భాగం. ఎలక్ట్రిక్ కారు చౌకలో కొంత ఈ పన్ను కట్టకపోవడం వల్ల వచ్చిందే. న్యూజీలాండ్ 2024 ఏప్రిల్ 1 నుంచి ఎలక్ట్రిక్ కార్ల మీద తిరిగిన కిలోమీటర్లను బట్టి రోడ్డు రుసుము వేయడం మొదలుపెట్టింది. ఐస్‌లాండ్ కూడా అదే ఏడాది ఆ దారి పట్టింది. ఈ అసమానత పదేళ్లు ఇలాగే ఉంటుందని లెక్కలో పెట్టుకోకండి. కిలోమీటరు రుసుము వస్తే ఎంత కావచ్చో ఊహించి, ఏడాది ఆదాలోంచి ముందే తీసివేసి చూడండి. అప్పటికీ లెక్క నిలిస్తే అది నమ్మదగిన లెక్క.

ఇప్పుడు పెట్టుబడి తిరిగి రావడానికి పట్టే కాలం. ఒకే స్థాయి ఎలక్ట్రిక్, పెట్రోలు కార్ల ధరల తేడా, గోడ ఛార్జరు ఖర్చు కలిపి 3,000 లీటర్ల పెట్రోలు విలువ అయిందనుకుందాం. పూర్తిగా ఇంటి ఛార్జింగ్ అయితే ఏడాదికి 507 లీటర్ల ఆదా కనుక దాదాపు ఆరేళ్లు. ఐదో వంతు బయట ఎక్కిస్తే ఏడేళ్లు. అంతా బయటే అయితే 28 ఏళ్లు, అంటే ఎన్నటికీ రాదు. మీ ఆఫీసు 20 కాకుండా ఏడున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉండి ఉంటే, ఏడాదికి 3,600 కిలోమీటర్లకు ఇంటి ఛార్జింగ్‌తో కూడా ఆదా 190 లీటర్లే, పదహారేళ్లు పడుతుంది. ఎలక్ట్రిక్ కారు ఎంత ఎక్కువ తిరిగితే అంత ఆదా చేస్తుంది, నిలబెట్టి ఉంచితే ఏమీ ఇవ్వదు. నిర్వహణలో మిగిలేది, బీమాలో పెరిగేది, సెలవుల్లో తిరిగే అదనపు కిలోమీటర్లు మీ దగ్గర ఎంతో మీరే లీటర్లలోకి మార్చి ఇందులో కలపండి.

మీ పాత కారు సంగతి కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ల కారు విలువ పడవలసినంతా ఇప్పటికే పడింది. అది బాగా నడుస్తుంటే, కేవలం పెట్రోలు ఆదా కోసం దాన్ని అమ్మి కొత్తది కొనడానికి 3,000 లీటర్ల తేడా కాదు, కొత్త కారు పూర్తి ధరలోంచి పాత కారుకు వచ్చేది తీసివేయగా మిగిలే మొత్తాన్ని లెక్కగట్టాలి. ఏడాదికి 507 లీటర్లు ఆ మొత్తాన్ని చాలా కాలం వరకు అందుకోలేవు. పెద్ద మరమ్మతు వచ్చి ఎలాగూ మార్చవలసిన రోజు వచ్చినప్పుడు మాత్రం పై లెక్క వర్తిస్తుంది. అంతవరకు ఇప్పటి కారునే తిప్పుతూ, ఆ సమయాన్ని ప్లగ్ సంపాదించడానికి వాడుకోండి.

ఆ ప్లగ్ విషయంలో మీ అపార్ట్‌మెంటు సంఘాన్ని నాలుగు సంగతులు అడగండి. మీ పార్కింగ్ స్థలానికి మీ ఇంటి మీటరు నుంచే లైను లాగవచ్చా, లేక ఉమ్మడి మీటరు కింద విడి సబ్ మీటరు పెట్టాలా? సబ్ మీటరు అయితే యూనిట్‌కు ఏ ధర వసూలు చేస్తారు? ఉమ్మడి కనెక్షన్‌కు ఇంటి ధర కాక వేరే ధర పడే చోట, మీ లెక్క అక్కడే తప్పిపోతుంది. భవనానికి మంజూరైన లోడు ఇంకా పదిమంది కార్లు పెట్టుకున్నా సరిపోతుందా? చివరగా, గంటల తరబడి పూర్తి భారం మోసే లైనుకు తగిన మందం గల వైరు, సరైన ఎర్తింగ్, లీకేజీ వస్తే ఆపే బ్రేకరు ఎవరు వేయిస్తారు? ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద కారును ఛార్జ్ చేయడానికి మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, కరిగిపోయిన ప్లగ్‌లను నేను కళ్లారా చూశాను.

సంఘం నుంచి యూనిట్ ధర తెలిశాక, మీ దగ్గరి లీటరు ధరను దానితో భాగించి ఎంత వచ్చిందో రాయండి. దానితో పాటు ఒక నెలపాటు ట్యాంకు నింపిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు రాసుకుని మీ కారు అసలు మైలేజీ కూడా చెప్పండి. ఆ రెండు అంకెలు చేతికొస్తే, మీరు చూస్తున్న మోడళ్లకు విడివిడిగా లెక్క వేసి చూపిస్తాను.